కెరీర్‌లో దూసుకుపోతున్న నల్లజాతి ఆడవాళ్లలో డిప్రెషన్ ఉంటే ఎలా తెలుస్తుంది?

ఏడుపు మొహం కోసం వెతికితే దొరకదండి, పని చూడండి. డిప్రెషన్ అంటే మంచం దిగకపోవడం అనుకుంటాం కానీ వీళ్లలో చాలామందికి పని ఇంకా పెరుగుతుంది.

నేను అమెరికాలోని షార్లెట్‌లో ఒక ప్రాజెక్ట్ చేసినప్పుడు మా మేనేజర్ నల్లజాతి ఆవిడ. వాళ్లింట్లో కాలేజీ మొహం చూసిన మొదటి మనిషి, తమ్ముడి ఫీజులు ఆవిడే, చర్చి పనులు ఆవిడే, ఆఫీసులో ఎవరి బర్త్‌డే అయినా కేక్ ఆవిడే తెచ్చేది. ఒకరోజు పెద్ద బాసులున్న కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి లెక్కలు చెప్తుంటే రిమైండర్ల బాక్స్ తెరుచుకుంది. వరసగా 'స్నానం', 'ఏదో ఒకటి తిను', 'అమ్మకి ఫోన్, హుషారుగా మాట్లాడు'. టక్కున మూసేసి గొంతు కూడా మారకుండా తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయింది. కాల్ అద్భుతం అని బాసులు మెయిల్ పెట్టారు! తర్వాత నేను అడిగితే, అవి పెట్టుకోకపోతే ఆ పనులు చెయ్యలేకపోతున్నా, నెలలైంది అంది.

చెస్లీ క్రిస్ట్ అనే నల్లజాతి ఆవిడ కూడా షార్లెట్‌లోనే లాయర్‌గా చేసింది. లా, ఎంబీఏ, 2019లో మిస్ యూఎస్ఏ, టీవీలో ఉద్యోగం. 2022 జనవరిలో 30 ఏళ్లకే ఆత్మహత్య చేసుకుంది. డిప్రెషన్ సంగతి చివరి రోజుల దాకా తనక్కూడా తెలియనివ్వలేదని వాళ్లమ్మే చెప్పింది.

దాచక ఏం చేస్తారు చెప్పండి? ఆఫీసులో గొంతు పెంచితే కోపిష్టి నల్ల మనిషి అంటారు, కన్నీళ్లు పెడితే ఈ పోస్టుకి పనికిరాదంటారు. మనవాళ్లేమో 'ఆవిడకేం లోటు, డైరెక్టర్ అయింది' అంటారు, ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. డాక్టర్ల దగ్గర గత 2 వారాల గురించి 9 ప్రశ్నల ఫారం ఇస్తారు కదా, జీవితమంతా పరీక్షలు పాసైన మనిషి దాన్నీ పాసైపోతుంది, మా మేనేజర్ అన్నిటికీ సున్నాలే పెట్టిందట. అందుకే నిద్ర లేకపోవడం, తగ్గని తలనొప్పి, చిన్న తప్పుకే తనని తాను తిట్టుకోవడం, ఎవరి సాయమూ తీసుకోకపోవడం, ఇవి చూడండి.

'నువ్వు చాలా స్ట్రాంగ్' అని మాత్రం అనకండి, ఈ రిపోర్ట్ నేను చేస్తా అని లాక్కోండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అమెరికాలో 988 అనే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కి రాత్రీపగలూ ఫోన్ చెయ్యొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. థెరపిస్టుల కోసం 'థెరపీ ఫర్ బ్లాక్ గర్ల్స్' అనే వెబ్‌సైట్‌లో లిస్టు ఉంది, మా మేనేజర్‌కి అందులోనే ఒకావిడ దొరికింది, అదీ ఇన్సూరెన్స్ తీసుకోం అన్న ఎంతోమందికి ఫోన్లు చేశాక.