పావో నుర్మీ చేతిలోని స్టాప్‌వాచ్

వందేళ్ళ కిందటి ఒలింపిక్ అథ్లెట్ల వల్ల ఇవాళ్టి క్రీడకు నిజంగా ఏమైనా మిగిలిందా, లేక పాత రికార్డుల్లో పేర్లుగానే ఉండిపోయారా అని మీరు అడిగారు. చాలామందే మిగిలారు. కానీ నా సొంత కాళ్ళకు పాఠం నేర్పినవాడు ఒక్కడే, ఫిన్లాండ్ రన్నర్ పావో నుర్మీ. కాబట్టి అతని గురించే చెప్తాను.

ముందు నా సంగతి. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరు చెప్పాక, 38 ఏళ్ళ వయసులో నెక్లెస్ రోడ్డు మీద పరుగు మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి మొదటి హాఫ్ మారథాన్‌కు (సుమారు 21 కిలోమీటర్ల పరుగు) పేరిచ్చాను. కిలోమీటరుకు 5 నిమిషాల 40 సెకన్ల చొప్పున వెళ్ళాలన్నది ప్లాన్. తెల్లవారుజామున డప్పులు, చుట్టూ వందల మంది, చల్లగాలి. ఒంట్లో ఎక్కడలేని ఊపు వచ్చింది. మొదటి 5 కిలోమీటర్లు 25 నిమిషాల్లో కొట్టేశాను. 14వ కిలోమీటరు దగ్గర ఫ్లైఓవర్ ఎక్కుతుంటే తొడలు పట్టేశాయి. 16 దాటాక నడకే. నేను మొదట్లో దాటొచ్చిన వాళ్ళంతా ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. 2 గంటల 19 నిమిషాలకు ముగించాను. స్కూల్లో మా డ్రిల్లు మాస్టారు నేర్పింది అదే మరి: మొదటి రౌండ్‌లోనే ముందుకు దూకాలి, తర్వాత ఎలాగోలా లాక్కురావాలి.

ఆ ఓటమి బాధలోనే నుర్మీ గురించి చదవడం మొదలుపెట్టాను. 1897లో తుర్కు పట్టణంలో పుట్టాడు. పన్నెండేళ్ళకే తండ్రి పోయాడు. చదువు మాని బేకరీలో పనికి చేరి, సరుకు బండిని ఎత్తుల మీదికి తోసేవాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో సాటి ఫిన్లాండ్ వాడు హానెస్ కొలెహ్మైనెన్ మూడు బంగారు పతకాలు గెలిచాడు. అందులో 5,000 మీటర్లను ఫ్రాన్స్‌కు చెందిన జాన్ బువాన్ కంటే సెకనులో పదో వంతు ముందు 14:36.6లో ముగించాడు. అప్పటికి ఫిన్లాండ్ రష్యా సామ్రాజ్యంలో భాగం, అందుకని అతను గెలిస్తే ఎగిరింది రష్యా జెండా. ఆ గెలుపులు చూసి పదిహేనేళ్ళ నుర్మీ పరుగు బూట్లు కొనుక్కున్నాడు.

1920లో ఆంట్‌వర్ప్‌లో 10,000 మీటర్లు గెలిచాడు కానీ, 5,000లో ఫ్రెంచి రన్నర్ జోసెఫ్ గీమో చేతిలో ఓడిపోయాడు. ఆ తర్వాతి ఏళ్ళలో స్టాప్‌వాచ్ అతని చేతికి అతుక్కుపోయింది. ప్రాక్టీసులోనే కాదు, పోటీలో కూడా దాన్ని అరచేతిలో పట్టుకుని పరిగెత్తేవాడు. పక్కవాడు ఎంత వేగంగా వెళ్తున్నాడన్నది కాదు, ఈ రౌండు తాను ఎన్ని సెకన్లలో ముగించాలన్నదే లెక్క. ఉన్న శక్తిని మొదటి నుంచి చివరి దాకా సమానంగా పంచడం. ఇప్పుడు మనకిది మామూలు మాటలా వినిపిస్తుంది. ఆ కాలంలో దూరపు పరుగంటే దూకడం, ఆయాసపడి తగ్గడం, మళ్ళీ దూకడం. అలా దూకినప్పుడల్లా కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం ఇష్టం వచ్చినట్టు కరిగిపోతుంది, చివర్లో కావలసినప్పుడు ఉండదు. నా తొడలకు 14వ కిలోమీటరు దగ్గర జరిగింది అదే.

1924 పారిస్ ఒలింపిక్స్ సంగతి మాత్రం నేను ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. జూలై 10న 1,500 మీటర్ల ఫైనల్, అది ముగిశాక రెండు గంటలైనా గడవకముందే 5,000 ఫైనల్. నుర్మీ మొదటిది గెలిచి, రెండో దానికి వచ్చి నిలబడ్డాడు. అలిసిపోయి ఉంటాడని అందరికీ తెలుసు. అందుకే తోటి ఫిన్లాండ్ వాడు విల్లే రిటోలా, స్వీడన్‌కు చెందిన ఎడ్విన్ వీడే మొదటి నుంచే విపరీతమైన వేగంతో లాగారు. నుర్మీ తొణకలేదు. కానీ ఒక దశలో, ఇది గడియారంతో పోటీ కాదు, మనుషులతో పోటీ అని అర్థమయ్యాక, చేతిలోని స్టాప్‌వాచ్‌ని గడ్డిలోకి విసిరేశాడు. వీడే వెనకబడ్డాడు. చివరి వంద మీటర్లలో రిటోలా పక్కనుంచి దూసుకొచ్చినా నుర్మీ దాటనివ్వలేదు. 14:31.2, 14:31.4. తేడా అంతే.

రెండు రోజుల తర్వాత మండుటెండలో క్రాస్ కంట్రీ, అంటే ట్రాక్ మీద కాకుండా బయటి నేల మీద పరుగు. 38 మంది బయల్దేరితే 15 మందే గమ్యం చేరారు. నుర్మీ దాదాపు నిమిషంన్నర తేడాతో గెలిచాడు. కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళను చూశాక ఒలింపిక్స్ నుంచి ఆ పోటీనే తీసేశారు. మొత్తం మూడు ఒలింపిక్స్‌లో 9 బంగారు, 3 వెండి పతకాలు. 1932లో మారథాన్ పరిగెత్తాలని లాస్ ఏంజిలెస్ దాకా వెళ్తే, పరుగుకు డబ్బు తీసుకున్నాడంటూ అడ్డుకున్నారు. ఆటకు డబ్బు తీసుకోని ‘అమెచ్యూర్’లకే అప్పట్లో ఒలింపిక్స్. 1912లో పెంటాథ్లాన్ (ఐదు అంశాల పోటీ), డెకాథ్లాన్ (పది అంశాల పోటీ) గెలిచిన అమెరికా అథ్లెట్ జిమ్ థోర్ప్‌కీ అలాంటి అన్యాయమే జరిగింది. కాస్త జీతానికి బేస్‌బాల్ ఆడాడని పతకాలు లాక్కున్నారు. అతన్ని మళ్ళీ ఏకైక విజేతగా గుర్తించింది 2022లో! ఆ అమెచ్యూర్ నిబంధనలు బలిసినవాళ్ళ కోసం రాసుకున్నవని నా గట్టి నమ్మకం. బండి తోసి బతికిన కుర్రాడికి అవి ఎలా సరిపోతాయి?

ఇక ప్రభావం అంటారా? చెకొస్లొవాకియా రన్నర్ ఎమిల్ జాటోపెక్‌కి నుర్మీ ఆరాధ్యుడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో, 55 ఏళ్ళ నుర్మీ జ్యోతి పట్టుకుని స్టేడియంలోకి పరిగెత్తుకొచ్చాడు. మైదానంలో జ్యోతి వెలిగించి, కాగడాను స్టేడియం గోపురం మీదికి పంపితే, అక్కడ వెలిగించింది ఎవరనుకున్నారు? కొలెహ్మైనెన్. ఆ ఒలింపిక్స్‌లోనే జాటోపెక్ 5,000, 10,000, మారథాన్ మూడూ గెలిచాడు. ముగ్గురూ ఒకే చోట. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంకాస్త దగ్గరగా చూడాలంటే మన ఊళ్ళలో జరిగే పరుగులకే రండి. వీపు మీద చిన్న జెండా కట్టుకుని సమానమైన వేగంతో నడిపించే పేసర్లు ఉంటారు. ‘రెండు గంటల బస్సు ఎక్కు’ అంటుంటారు రన్నర్లు, అంటే రెండు గంటల్లో ముగించే పేసర్ వెంట వెళ్ళమని. ఆ బస్సును నడిపేది నుర్మీ లెక్కే. మీ చేతికున్న జీపీఎస్ వాచీ కిలోమీటరుకోసారి చెప్పేదీ అదే.

మరుసటి ఏడాది నేను కిలోమీటరుకు 5:50 అని పెట్టుకున్నాను. మొదటి 5 కిలోమీటర్లలో జనం నన్ను దాటుకుంటూ పోతుంటే పళ్ళు బిగించి ఊరుకున్నాను, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఒక్కటి మాత్రం మార్చుకున్నాను. పారిస్ ట్రాక్ చదును, మన దారి ఫ్లైఓవర్ల మయం. ఎక్కేటప్పుడు వేగం తగ్గనిచ్చి, ఊపిరి ఒకేలా ఉండేలా చూసుకున్నాను. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు పోయిన సెకన్లు వాటంతటవే తిరిగొచ్చాయి. 19వ కిలోమీటరు దాటాక, మునుపటి ఏడాది నన్ను దాటిపోయిన లాంటి వాళ్ళే నా ముందు నడుస్తూ కనిపించారు. అక్కడి నుంచి వాచీ వైపు చూడటం మానేశాను. 2 గంటల 4 నిమిషాలు.