ఆ వెలుగు ఇప్పటిది కాదు

శ్రావణీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను: "బ్యాక్టీరియా మెరుస్తూ ట్యాంకులో చక్కెర ఎక్కడ తగ్గిందో చెబుతుంది." చెప్పదమ్మా. కొన్నేళ్ల కిందట నేనూ ఇదే రాశాను. అచ్చయిన వారానికి, ట్యాంకుల్లో బ్యాక్టీరియాని పెంచే ఒక ఫర్మెంటేషన్ ఇంజినీరు ఫోన్ చేసి, "అది వెలిగేసరికి ట్యాంకంతా ఎన్ని చుట్లు తిరిగొచ్చిందో తెలుసా మాస్టారూ?" అన్నాడు. నాకు తెలియదు. ఆ ప్రశ్నలోనే నీ కథంతా ఉంది.

ముందు ట్యాంకు చూపించు. "బయోసెన్సర్ అనగా" అని మొదలెడితే సగం మంది అక్కడే లేచిపోతారు. రెండు లీటర్ల పాత్రలో చిక్కటి గ్లూకోజు పోస్తే కొన్ని సెకన్లలో కలిసిపోతుంది. వేల లీటర్ల ట్యాంకులో దానికి పదుల సెకన్లు, ఒక్కోసారి నిమిషం పైనే పడుతుంది. ఈలోగా గ్లూకోజు పోసే గొట్టం మూతి దగ్గరి ఈ.కోలై బ్యాక్టీరియా ఒళ్లు తెలియకుండా మెక్కి, అరగనిది ఎసిటేట్ అనే వ్యర్థంగా బయటికి వదులుతుంది. అవతలి మూలన ఉన్నవి పస్తు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటాం కదా, ఇక్కడ వడ్డించేది గొట్టం, దానికి మనవాళ్లంటూ ఎవరూ లేరు. (ఈ పోలిక నీకే ఇచ్చేశాను, వాడుకో.)

తర్వాత సెన్సర్, అంటే మెరిసే ఆ బ్యాక్టీరియా. ఆకలి, ఒత్తిడి వచ్చినప్పుడు మేలుకునే ఆర్‌పీఓఎస్ అనే జన్యువు స్విచ్చికి, జెల్లీఫిష్ నుంచి తెచ్చిన జీఎఫ్‌పీ జన్యువును తగిలిస్తారు. స్విచ్చి పడితే ఆకుపచ్చ ప్రోటీన్ తయారవుతుంది, నీలి కాంతి వేస్తే మెరుస్తుంది. బెల్జియంలోని లియేజ్ విశ్వవిద్యాలయంవాళ్లు ఇలాంటి ఈ.కోలైతోనే, ట్యాంకులో కలియబెట్టే తీరు మారితే ఈ స్విచ్చి పనితీరూ మారుతుందని 2009లో చూపించారు. ఇంతే చాలు. షిమోమురా, చాల్ఫీ, సియెన్‌లకి జీఎఫ్‌పీ మీద వచ్చిన 2008 నోబెల్‌కి ఒక పేరా అంతా ఇచ్చావు, ఒక్క వాక్యం చేసెయ్.

మిగిలిన చోటంతా ఆలస్యానికి ఇవ్వు. స్విచ్చి పడ్డాక ప్రోటీన్ తయారవాలి, మడత పడాలి, రంగు తేలాలి. దీనికి నిమిషాలు పడుతుంది. కణం మాత్రం సెకన్లలో ఒక మూల నుంచి ఇంకో మూలకి కొట్టుకుపోతుంది. అంటే నువ్వు చూసే వెలుగు ఆ కణం ఎప్పుడో పడ్డ ఆకలిది, నిలబడ్డ చోటుది కాదు. పైగా మామూలు జీఎఫ్‌పీ గంటల తరబడి చెక్కుచెదరదు, కడుపు నిండాక కూడా పాత ఆకలినే చూపిస్తుంటుంది. అందుకే ప్రోటీన్ చివర చిన్న తోక తగిలించి, కణంలోని ఎంజైములే దాన్ని త్వరగా కొరికేసేలా చేస్తారు. ఇంకో తిరకాసు కూడా ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: రంగు తేలాలంటే ఆక్సిజన్ కావాలి. గ్లూకోజు దండిగా పడే చోట కణాలు ఆక్సిజన్‌ని కూడా పీల్చేస్తాయి. తిండి బాగున్న కణం వెలిగేలా వేరే స్విచ్చి పెట్టినా, సరిగ్గా అక్కడే అది వెలగక మొరాయించొచ్చు! ఇది రాయకపోతే దీన్ని అప్పటికప్పుడు కొలిచే థర్మామీటర్‌లా పాఠకుడికి అమ్మినట్టే.

ఒక సంగతి అడగాలి. ఫోన్లో చెప్పావే, రాత్రి రెండింటికి శాంపిల్ తీసి, ఒక్కో కణం వెలుగునీ విడివిడిగా కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో పెడితే తెర మీది గ్రాఫులో ఒక గుట్ట రావాల్సిన చోట రెండు వచ్చాయని, టెన్షన్‌తో గైడ్‌కి మెసేజ్ పెట్టావని. వ్యాసంలో అది లేదేం? సగటు తీసుంటే ఆ రెండూ కలిసి మధ్యలో ఏ కణానికీ చెందని అంకె ఒకటి వచ్చేది. ఒకే ట్యాంకులో, ఒకే నిమిషంలో, సగం ఒకలా సగం ఇంకోలా ఉన్నాయని నీ కళ్లతో చూశావు. నీ మొదటి పేరా అదే కావాలి, ట్యాంకు దాని వెనకే.

ఆదివారంలోగా మళ్లీ రాసి పంపు. ఆ రెండో గుట్ట మొదటిదానికి కుడివైపు వచ్చిందా, ఎడమవైపు వచ్చిందా? చెప్పనేలేదు నువ్వు.

ఇట్లు,
మాస్టారు