ఐసీయూలో ఫెంటానిల్ లెక్క తేడా: సీనియర్ గురించి చెప్పాలా?

చెల్లెమ్మా, నైట్ డ్యూటీలో మీ సీనియర్ సిస్టర్ ఫెంటానిల్ (నొప్పి తగ్గించే, మత్తు అలవాటయ్యే బలమైన మందు) ఇచ్చినట్టు చార్ట్‌లో రాస్తున్నారు, పేషెంటేమో తెల్లవార్లూ నొప్పితో మూలుగుతున్నాడు, పైకి చెప్పాలా వద్దా అని అడిగారు కదా. చెప్పాలనే అంటాను.

ఒక్కసారి లెక్క తప్పితే మత్తు అలవాటని అనుకోకండి. ఎవరూ అడక్కుండానే ఎక్స్‌ట్రా డ్యూటీలు చేయడం, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లి చాలాసేపు రాకపోవడం, మండుటెండల్లోనూ చేతులు పూర్తిగా కప్పే బట్టలు వేసుకోవడం, మిగిలిన మందు పారబోయడం మీరు చూడకపోయినా సంతకం పెట్టమనడం... ఇవి కలిసి కనిపిస్తే అనుమానించాలి. చూడనిదానికి సంతకం మాత్రం పెట్టకండి. రేపు రిజిస్టర్‌లో మీ పేరు కూడా ఉంటుంది!

తేదీ, టైము, కళ్లతో చూసింది రాసుకుని నర్సింగ్ సూపరింటెండెంట్‌కి విడిగా చెప్పండి. మీరొక్కరే ఆమెను నిలదీయకండి. విషయం బయటపడిందన్న అవమానంలో ప్రాణం తీసుకునే ప్రమాదం ఉంది. ఆ రోజు ఆమెను ఒంటరిగా ఇంటికి పంపొద్దని సూపరింటెండెంట్‌కి గట్టిగా చెప్పండి.

మత్తు అలవాటు ఒక జబ్బు, దానికి చికిత్స ఉంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, సొంత వాడకం లేదా కొద్ది మొత్తం కేసుల్లో తనంతట తానుగా గుర్తింపున్న చోట చికిత్సకు వెళ్లిన వ్యసనపరులకు ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. మందు దొంగతనం సంగతి వేరు, దానికి లాయర్‌ని అడగాలి. డీఅడిక్షన్ (మత్తు అలవాటు మాన్పించే) సలహాకు 14446, మనసు బాగోలేకపోతే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416. మీకూ టెన్షన్‌గా ఉంటే మీరూ చేయొచ్చు.

ఎప్పుడైనా ఆమె స్పృహ తప్పి, ఊపిరి మందగించి కనిపిస్తే పరువు సంగతి ఆలోచించకండి. వెంటనే కోడ్ (ఆస్పత్రి ఎమర్జెన్సీ టీమ్‌ని) పిలవండి, ఫెంటానిల్‌కి విరుగుడైన నలోక్సోన్ అడగండి.