విడిపోయే ముందటి డెమోల్లో ఆ గొడవ వినిపిస్తుందా?

"బ్యాండ్ విడిపోవడానికి కొంచెం ముందు రికార్డ్ చేసి, బయటికి రాకుండా ఉండిపోయిన డెమోలు వింటే వాళ్లెందుకు విడిపోయారో తెలుస్తుందా? అసలు అవి మామూలు వాళ్లు వినదగ్గవేనా, ఫ్యాన్స్ పిచ్చేనా? ఇన్నాళ్లు ఎందుకు దాచారు?" అని అడిగారు. నేను ఏళ్ల తరబడి విన్నవి బీటిల్స్ డెమోలు కాబట్టి వాటి గురించే చెప్తాను. క్లుప్తంగా అయితే, వినదగ్గవే. గొడవ మాత్రం మనం వెతికే చోట దొరకదు.

డెమో అంటే ఏమిటో మన సినిమా పాటల వైపు నుంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. సిట్టింగ్‌లో సంగీత దర్శకుడు హార్మోనియం ముందు కూర్చుని, తోచిన డమ్మీ మాటలతో ట్యూన్ పాడి వినిపిస్తాడు కదా, డెమో చేసే పనీ అదే. "నా దగ్గర ఈ పాట ఉంది, మనం చేద్దామా" అని తోటివాళ్లకి వినిపించడానికి చేసుకునేది. శ్రోతలు దాని లెక్కలో ఉండరు. అందుకే డెమోలో పాట ఎంత బాగుందన్నదానికంటే ఎవరు ఎవరికి వినిపిస్తున్నారు, గదిలో ఎవరెవరున్నారు అన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. నా జవాబంతా దీని మీదే ఉంటుంది.

1968 ఫిబ్రవరిలో బీటిల్స్ నలుగురూ (జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్) మహర్షి మహేశ్ యోగి దగ్గర ధ్యానం నేర్చుకోవడానికి రిషికేశ్ వచ్చారు. రింగో ముందు వెళ్లిపోయాడు, తర్వాత పాల్, ఏప్రిల్‌లో జాన్, జార్జ్. చుట్టూ స్టూడియో లేదు, ఆఫీసు లేదు, టెలిఫోన్ గోల లేదు. చేతిలో ఉన్నది అకూస్టిక్ గిటార్లు. పాటలు కుప్పలుగా పుట్టాయి. ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక, మే నెలాఖరులో, లండన్ శివార్లలోని ఈషర్‌లో జార్జ్ హారిసన్ బంగళా కిన్ఫాన్స్‌లో కలుసుకుని, అతని దగ్గరున్న ఆంపెక్స్ నాలుగు ట్రాకుల టేప్ మెషిన్ మీద ఈ పాటలన్నీ ఎక్కించారు. ఈషర్ డెమోలంటే ఇవే. చాలావరకు వీటిలోంచే ఆ ఏడాది నవంబర్ 22న వచ్చిన రెండు రికార్డుల ఆల్బమ్ తయారైంది. అట్ట మీద బొమ్మే లేకపోవడంతో అందరూ వైట్ ఆల్బమ్ అంటారు.

ఈ టేపులు యాభయ్యేళ్లు అధికారికంగా పూర్తిగా బయటికి రాలేదు. 1988లో అమెరికాలో జాన్ లెనన్ టేపులతో ఒక రేడియో సిరీస్ మొదలైంది. అందులో ఈషర్ పాటలు కొన్ని ప్రసారమయ్యాయి, అక్కడి నుంచి దొంగ సీడీల్లోకి పాకాయి. 1996లో బీటిల్స్ పాత రికార్డింగుల సంకలనం ఆంథాలజీ మూడో భాగంలో కొన్ని వచ్చాయి. మొత్తం 27 పాటలూ శుభ్రంగా చేతికందింది 2018 నవంబర్‌లోనే.

నా దాకా వచ్చింది మాత్రం ఆ దొంగ సీడీల నుంచి దిగిన క్యాసెట్. తొంభైల చివర్లో హైదరాబాద్‌లో హాస్టల్ సీనియర్ ఒకాయన డబ్బింగ్ చేసిచ్చాడు. అది ఎన్నో తరం కాపీయో దేవుడికే తెలియాలి. లోపలి అట్ట మీద బాల్‌పెన్నుతో రాసిన పాటల పేర్లలో సగం తప్పులు. సముద్రం పక్కన కూర్చుని వింటున్నట్టు ఒకటే హోరు. పైగా ఏదో ఒక డెక్కు స్పీడు తేడా వల్ల పాటలన్నీ శృతికి కాస్త పైకి జరిగి ఉండేవి. దానితో కలిసి గిటార్ వాయించాలంటే తీగలన్నీ బిగించుకోవాలి, ఆ పేరుతో ఒకటో రెండో తెగ్గొట్టుకోవాలి. అయినా ఆ క్యాసెట్ పట్టుకుని "డియర్ ప్రూడెన్స్" నేర్చుకున్నాను. బొటనవేలు లావు తీగల మీద తప్పకుండా నడుస్తుంటే మిగతా వేళ్లు సన్న తీగలను మీటే పద్ధతి అది. రిషికేశ్‌లో జాన్‌కి ఆ పద్ధతి నేర్పింది అక్కడికే వచ్చిన స్కాటిష్ గాయకుడు డానవన్. ఆల్బమ్‌లో డ్రమ్సూ బేసూ వచ్చి కలుస్తాయి కాబట్టి వేళ్ల పనిని విడదీసి పట్టుకోవడం కష్టం. డెమోలో గిటారే ముందుంటుంది. నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నలోకి వస్తాను. వైట్ ఆల్బమ్ గురించి ఎక్కడ చదివినా "బ్యాండ్ ముక్కలవడం ఇక్కడే మొదలైంది" అనే రాసి ఉంటుంది. అది ఊరికే అన్నమాటేమీ కాదు. ఆ సెషన్ల మధ్యలో జూలైలో సౌండ్ ఇంజనీర్ జెఫ్ ఎమరిక్ ఇక నా వల్ల కాదని వెళ్లిపోయాడు. ఆగస్టులో రింగోయే బ్యాండ్ వదిలి వెళ్లి సెప్టెంబర్‌లో తిరిగొచ్చాడు. ఇవన్నీ తెలిసి ఈషర్ డెమోలు పెట్టుకుంటే చెవులు రిక్కించి గొడవ కోసమే వింటాం. ఏముంటుందక్కడ? "రివల్యూషన్" మొదలుపెడితే చప్పట్లు కొడుతూ కలిసి పాడుతున్నారు. "బ్యాక్ ఇన్ ద యు.ఎస్.ఎస్.ఆర్." డెమోలో విమానం చప్పుడు లేదు, రాక్ గర్జన లేదు, ఇంట్లో పార్టీ నడుస్తున్నట్టు ఉంటుంది. "డియర్ ప్రూడెన్స్" చివర్లో గిటార్ ఆపకుండానే జాన్ మాటల్లోకి దిగి, రిషికేశ్‌లో ధ్యానం కోసమని గది తలుపు వేసుకుని బయటికి రాని అమ్మాయి కథ వెటకారంగా చెప్తాడు. ఆ అమ్మాయే నటి మియా ఫారో చెల్లెలు ప్రూడెన్స్ ఫారో. ఆ వెటకారం పక్కనున్న వాళ్ల కోసం చేసేదే. గదిలో వినేవాళ్లున్నారని తెలిసిన మనిషి గొంతు అలాగే ఉంటుంది.

2018 మిక్స్‌లో ఇంకో సంగతి బాగా తెలుస్తుంది. చాలా పాటల్లో ఒకే మనిషి రెండుసార్లు పాడి ఒకదాని మీద ఒకటి ఎక్కించాడు. ఆ రెండు గొంతులు అక్కడక్కడా కలవవు, ఒకటి అర క్షణం ముందు పరుగెడుతుంది. స్టూడియోలో అయితే అది మళ్లీ చేయాల్సిన టేక్. ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు. నా మటుకు నాకు "ఒబ్లాడీ ఒబ్లాడా" ఆల్బమ్ వెర్షన్ కంటే ఈ డెమోయే ఇష్టం. స్టూడియోలో ఆ పాటను రోజుల తరబడి చెక్కీ చెక్కీ అందరికీ విసుగు పుట్టించారు, ఆ విసుగు ఇంకా మొదలుకాని పాట ఇది. ఈ మాటతో ఒప్పుకోని వాళ్లు చాలామంది ఉంటారు, ఉండనివ్వండి.

పదాల్లో తేడాలు వెతుక్కోవడం కూడా సరదాగానే ఉంటుంది. "పిగ్గీస్" డెమోలో పోర్క్ చాప్స్ ఉంటే ఆల్బమ్‌లో అది బేకన్ అయింది. "మీన్ మిస్టర్ మస్టర్డ్"లో చెల్లెలి పేరు అప్పటికి షర్లీ. ఏడాది తర్వాత ఆబీ రోడ్ ఆల్బమ్‌లో దాని వెనకే "పాలిథీన్ పామ్" వస్తుంది కాబట్టి ఆ పేరు పామ్ అని మార్చారు. "చైల్డ్ ఆఫ్ నేచర్" అని జాన్ పాట ఒకటుంది, రిషికేశ్ దారి గురించి రాసింది. అది వైట్ ఆల్బమ్‌లోకి రాలేదు. అదే ట్యూన్‌కి కొత్త మాటలు రాసి 1971లో "జెలస్ గై"గా పాడాడు. రిషికేశ్ ఎగిరిపోయి అసూయ, క్షమాపణ వచ్చి కూర్చున్నాయి. తెలిసిన వాళ్లకి ఈ పాట వినిపించి ఏమీ చెప్పకుండా వాళ్ల మొహం చూస్తుండటం నాకున్న చిన్న దురలవాటు.

మరి విడిపోవడం ఎక్కడ వినిపిస్తుందంటే, నా లెక్కలో జార్జ్ పాటల్లో. 27 డెమోల్లో జాన్‌వి 15, పాల్‌వి 7, జార్జ్‌వి 5. జార్జ్ ఐదింటిలో ఆల్బమ్‌లోకి వెళ్లినవి రెండే: "వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్", "పిగ్గీస్". "సౌర్ మిల్క్ సీ"ని బీటిల్స్ సొంత రికార్డు కంపెనీ ఆపిల్ కొత్తగా తీసుకున్న గాయకుడు జాకీ లోమాక్స్‌కి ఇచ్చేశాడు. "నాట్ గిల్టీ"ని స్టూడియోలో వందకి పైగా టేకులు చేసి కూడా చివరికి ఆల్బమ్ నుంచి తీసేశారు. 1979 దాకా అది అతని సొంత రికార్డులోనూ రాలేదు. "సర్కిల్స్" అయితే 1982 వరకు ఆగింది. తర్వాత రాసిన ఇంకో రెండింటితో కలిపి ఆల్బమ్‌లో అతనికి దక్కింది నాలుగు పాటలు, మొత్తం ముప్పైలో. ఇల్లు అతనిది, టేప్ మెషిన్ అతనిది, వాటా మాత్రం ఇంత.

తర్వాతి జనవరిలో ట్వికెన్‌హామ్ ఫిల్మ్ స్టూడియోలో కెమెరాల ముందు రిహార్సల్స్ పెట్టుకున్నారు. జార్జ్ "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్" తెచ్చాడు. మళ్లీ మళ్లీ వాయించి చూశారు, అది ఎక్కడికీ వెళ్లలేదు. జనవరి 10న జార్జ్ లేచి వెళ్లిపోయాడు, కొన్ని రోజులకు తిరిగొచ్చాడు. ఫిబ్రవరి 25న, తన 26వ పుట్టినరోజున, ఈఎంఐ స్టూడియోకి వెళ్లి ఒక్కడే కూర్చుని మూడు డెమోలు చేసుకున్నాడు: "ఓల్డ్ బ్రౌన్ షూ", "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్", "సంథింగ్". ఇంజనీర్ కెన్ స్కాట్. మిగతా ముగ్గురిలో ఎవరూ లేరు. ఈ మూడూ ఆంథాలజీ మూడో భాగంలో ఉన్నాయి.

ఈషర్ టేపుల వెంటనే ఈ మూడూ వినండి. పది నెలల తేడా కూడా లేదు. ఇక్కడా ఒక మనిషి, గిటారో పియానోనో, సొంత పాట. కానీ చప్పట్లు లేవు, పక్కనుంచి ఎవరూ గొంతు కలపరు, వినిపించి నవ్వించడానికి ఎవరూ లేరు. గొంతులో కోపం కూడా లేదు, ఎంతో నిదానంగా పాడతాడు. ఆ నిదానం చూస్తే నాకు అనిపించేది ఒక్కటే: ఇతను బ్యాండ్‌ని ఒప్పించే పని మానేశాడు. జాన్ వెళ్లిపోతున్నానని మిగతావాళ్లతో అన్నది ఆ సెప్టెంబర్‌లో, పాల్ మాట పేపర్లకెక్కింది 1970 ఏప్రిల్ 10న. ఆ ఏడాది నవంబర్‌లో జార్జ్ మూడు రికార్డుల ఆల్బమ్ వేసి దానికి "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్" అనే పేరే పెట్టాడు. అది అమెరికాలో నంబర్ వన్ అయింది. పెట్టె నిండా పాటలు ఎక్కడి నుంచి వచ్చాయని అప్పట్లో ఆశ్చర్యపోయినవాళ్లు ఈ డెమోలు విని ఉంటే ఆశ్చర్యపోయేవారు కాదు.

గొడవ నేరుగా వినాలంటే ట్వికెన్‌హామ్ టేపులున్నాయి. సినిమా కోసం నాగ్రా టేప్ మెషిన్లు రోజంతా తిరుగుతుండటంతో పాటలతోపాటు మాటలు, టీ కబుర్లు, సాగదీతలు అన్నీ రికార్డయ్యాయి. వందలాది రీళ్లు మాయమై దశాబ్దాల పాటు దొంగ రికార్డుల వాళ్లకి మేత అయ్యాయి. 2003 జనవరిలో పోలీసులు ఇంగ్లండ్‌లోనూ నెదర్లాండ్స్‌లోనూ దాడులు చేసి దాదాపు 500 టేపులు పట్టుకున్నారు. 2021లో పీటర్ జాక్సన్ తీసిన "గెట్ బ్యాక్" డాక్యుమెంటరీకి ఇవే ముడిసరుకు. నా దగ్గర వాటి బూట్‌లెగ్ కాపీలు కొన్ని ఉండేవి. నిజం చెప్పాలంటే గంటలకొద్దీ విసుగు. డాక్యుమెంటరీ చూడండి, చాలు.

ఇన్నాళ్లు ఎందుకు దాచారన్నది కూడా అడిగారు కదా. ఒక కారణం సహజమే, సగం వండింది ఎవరూ వడ్డించరు. రెండోది చట్టం. యూరప్‌లో విడుదల చేయని రికార్డింగుకు 50 ఏళ్ల వరకే రక్షణ. ఆలోపు విడుదల చేస్తే 70 ఏళ్లకు పెరుగుతుంది. అందుకే 2013 డిసెంబర్‌లో 1963 నాటి 59 రికార్డింగులు పెద్దగా చప్పుడు చేయకుండా ఐట్యూన్స్‌లోకి వచ్చాయి. 1968 టేపులకి 2018 అంటే లెక్క మీకే తెలుస్తుంది, యాభయ్యేళ్ల పండగ కూడా కలిసొచ్చింది. అందుకే పాత బ్యాండ్ల గోడౌన్ సరుకు ఈమధ్య ఇంతగా బయటపడుతోంది.

ప్రతి బ్యాండ్ విషయంలో ఇలాగే ఉంటుందని అనుకోకండి. అమెరికన్ బ్యాండ్ నిర్వాణా చివరి స్టూడియో పాట "యూ నో యూ ఆర్ రైట్" 1994 జనవరి 30న సియాటెల్ దగ్గర రికార్డయింది, ఏప్రిల్‌లో ఆ బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబేన్ చనిపోయాడు. కోర్టు తగాదాల తర్వాత ఆ పాట 2002లో వచ్చింది. దాన్ని ఎవరూ మామూలు చెవులతో వినలేరు, జరిగింది ముందే తెలుసు కాబట్టి.

వినే పద్ధతి అంటారా, వైట్ ఆల్బమ్ అస్సలు వినకపోతే డెమోలతో మొదలుపెట్టకండి, తేడా తెలియక చప్పగా ఉంటుంది. ముందు ఆల్బమ్ ఓ వారం తిప్పండి. తర్వాత స్ట్రీమింగ్ యాప్‌లో 2018 డీలక్స్ ఎడిషన్ తెరిస్తే మూడో డిస్క్ మొత్తం ఈషరే. వరసగా 27 వినేయకుండా ఒక పాట డెమో, వెంటనే దాని ఆల్బమ్ వెర్షన్, అలా వెళ్లండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో ఆ రెండు గొంతుల తేడా తెలియదు. టైమ్ లేదంటే మూడు చాలు: "డియర్ ప్రూడెన్స్", "చైల్డ్ ఆఫ్ నేచర్", "నాట్ గిల్టీ". మూడోది విన్నాక 1979 వెర్షన్ కూడా వెతికి వినండి. పదకొండేళ్ల తర్వాత జార్జ్ దాన్ని మెత్తగా, జాజ్ వాసనతో పాడాడు. నాకు ఆ రెండోదే నచ్చుతుంది, మీకేది నచ్చిందో కింద రాయండి.