నీటికాసులు ఉన్న మా నాన్నగారి డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ అవుతుందా?

మీ నాన్నగారికి 61 ఏళ్లని, రెండు కళ్లలోనూ నీటికాసులు (గ్లాకోమా, అంటే కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు) ఉన్నట్లు ఈ మధ్యే తేలిందని, లైసెన్సు గడువు దగ్గరపడింది కాబట్టి ఆర్టీఏ వారికి ఈ సంగతి చెప్పాలా, చెప్పకుండా ఊరుకోవాలా అని అడిగారు. చెప్పాలి. నాకూ రెండు కళ్లలో అదే జబ్బు ఉంది. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా పనిచేసిన కాలంలో మలక్‌పేట నుంచి ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ వైపు ఏళ్ల తరబడి కారు నడుపుకుంటూ వెళ్లిన దాన్ని కనుక, లైసెన్సు పోతుందేమోనన్న బెంగ ఎలాంటిదో నాకు తెలుసు. జబ్బు సంగతి రాసి ఇచ్చిన తరువాతే నా లైసెన్సు రెన్యువల్ అయింది.

నీటికాసులు అన్న పేరు వినపడగానే లైసెన్సు నిరాకరించాలని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. 40 ఏళ్లు దాటినవారు రెన్యువల్‌కు ఫారం 1ఏ అనే వైద్య ధ్రువపత్రం జతచేయాలి. ఫారం 1 మాత్రం మనం స్వయంగా ఇచ్చే వాంగ్మూలం. మంచి పగటి వెలుతురులో, కళ్లజోడు ఉంటే పెట్టుకునే, 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటును గుర్తించగలరా అని అందులో అడుగుతారు. రేచీకటి ఉందా అని అడుగుతారు. మీరు బండి నడపడం వల్ల ప్రజలకు ప్రమాదం కలిగించగల మరే జబ్బయినా, వైకల్యమైనా ఉందా, ఉంటే వివరాలు రాయండి అని కూడా అడుగుతారు. మీ నాన్నగారి విషయం ఈ చివరి ప్రశ్న కిందికి వస్తుంది. అక్కడ దాచిపెట్టి సంతకం చేసిన కాగితం, రేపు ఏదైనా ప్రమాదం జరిగి బీమా కంపెనీ పాత వైద్య రికార్డులు తెప్పించుకున్న రోజున మీ కుటుంబానికే ఎదురు తిరుగుతుంది.

అయితే ఈ ఫారాలపై నాకు గట్టి అభ్యంతరం ఉంది. నంబరు ప్లేటు మన ఎదురుగా ఉంటుంది. నీటికాసులు మొదట దెబ్బతీసేది పక్కచూపును. నడిమి చూపు చివరి దశ వరకూ చక్కగానే ఉంటుంది కాబట్టి, సగం పక్కచూపు పోయినవారు కూడా గోడ మీద చార్టులోని ఆఖరి వరుసను తడుముకోకుండా చదివేస్తారు. చదువుకునే కళ్లద్దాలు మార్పించుకుందామని వెళ్లిన రోజు నేనూ అలాగే చదివాను. చూపు పూర్తిగా ఉందన్నట్లు 6/6 అని రాశారు. కంటిలోని ఒత్తిడి ఎక్కువగా ఉండటం చూసి డాక్టరుగారు పక్కచూపును కొలిచే ఫీల్డ్ టెస్టుకు పంపకపోతే ఆ 6/6 చీటీ పట్టుకుని సంతోషంగా ఇంటికి వచ్చేసేదాన్ని.

ఆ పరీక్ష గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ నాన్నగారి లైసెన్సు భవిష్యత్తును నిర్ణయించవలసింది నిజానికి అదే. చీకటి గదిలో, లోపలి వైపు తెల్లగా ఉన్న ఒక అర్ధగోళం ముందు కూర్చోబెట్టి, ఒక కంటికి గంత కట్టి, గడ్డాన్ని ఆనించి నుదుటిని పట్టీకి తాకించమన్నారు. ఎదురుగా మధ్యలో ఒక పసుపుపచ్చని దీపం ఉంది. దాని చుట్టూ ఎక్కడెక్కడో వెలుగు చుక్కలు మిణుగురుల్లా మెరిసి మాయమవుతుంటే, కనిపించినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. "మధ్యలనే చూడాలె మేడమ్, పక్కకు చూడొద్దు" అని టెక్నీషియన్ అమ్మాయి పదేపదే హెచ్చరిస్తూ ఉంది. కొంతసేపు చురుకుగానే నొక్కాను. తరువాత ఒక దశలో వెలుగులు రావడం పూర్తిగా మానేశాయి. ఎదురుచూసి, ఎదురుచూసి, "మిషన్ ఆగిపోయిందా అమ్మా?" అని అడిగాను. "లేదు మేడమ్, నడుస్తనే ఉన్నది" అంది ఆ అమ్మాయి. ఆరోగ్యమైన కళ్లకు కూడా మరీ మసక చుక్కలు కొన్ని కనిపించవని తరువాత తెలిసింది కానీ, ఆ క్షణంలో నా గుండె జారిపోయింది. నా ముందు వెలుగులు వచ్చి పోతున్నాయి. నాకు అక్కడ ఏ నల్లటి మచ్చా కనిపించడం లేదు, ఏ మసకా లేదు, అంతా మామూలుగానే ఉంది. లేనిదాన్ని ఉన్నట్లుగా మెదడు పూరించేస్తుంది కాబట్టి, ఈ జబ్బు ఉన్నవారిని "మీకు పక్కచూపు బాగుందా?" అని అడగడం వల్ల ప్రయోజనం లేదు. బాగుందనే చెబుతారు, అది అబద్ధం కూడా కాదు.

రెండు కళ్లకూ విడివిడిగా రెండు కాగితాలు వచ్చాయి. చూపు తగ్గిన చోటల్లా నల్లగా అచ్చయి ఉంది. కుడికంటి కాగితంలో ఆ నలుపు పైభాగంలో ఉంటే, ఎడమకంటి కాగితంలో కింది భాగంలో ఉంది. "నేను కారు నడపవచ్చునా డాక్టరుగారూ?" అని అడిగితే, ఆయన అవునని గానీ కాదని గానీ అనకుండా, ఆ రెండు కాగితాలనూ ఒకదానిపై ఒకటి పేర్చి, ఎక్స్‌రేలు చూసే లైటు ముందు ఎత్తి పట్టుకున్నారు. ఒకదాని నలుపు మీద మరొకదాని నలుపు ఎక్కడా పడలేదు. "రెండు కళ్లు తెరిచి ఉన్నంతవరకు ఒకదాని లోటును ఇంకొకటి తీరుస్తోందమ్మా. పగలు నడపండి, రాత్రి వద్దు. ఆరు నెలలకోసారి ఈ పరీక్షకు రండి. ఈ నలుపులు రెండూ ఒకేచోట కలిసిన రోజున నేనే ఆపమంటాను" అన్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో పాఠాలు చెప్పాను గానీ, ఒక విషయాన్ని అంత స్పష్టంగా ఎవరైనా నాకు చూపించడం అరుదు.

ఆయనే ఫారం 1ఏ పూర్తిచేసి, జబ్బు పేరు, చుక్కల మందు సంగతి, పగటి డ్రైవింగ్ సలహా రాసి సంతకం చేశారు. ఇంత శ్రద్ధగా తయారైన కాగితం ఉన్నా, ఆర్టీఏ కార్యాలయం గేటు బయట ఒక ఏజెంటు నన్ను ఆపి, డాక్టరు సంతకమూ ముద్రా ముందే వేసి ఉన్న ఖాళీ ఫారాల కట్ట చూపించి, పేరు నింపుకుంటే చాలునని చెప్పాడు. ఆ డాక్టరు ఎవరో, నేను ఎవరో, నా కళ్లు ఎలాంటివో ఎవరికీ అక్కర్లేదు. నా వెనుక నిలబడిన, కళ్లలో శుక్లాలు తెల్లగా కనిపిస్తున్న ఒక పెద్దాయన అదే ఫారం కొనుక్కున్నారు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఇది. లోపల ఫొటో తీశారు, సంతకం తీసుకున్నారు, నా డాక్టరు రాసిన వాక్యాలను ఎవరూ చదివినట్లు కనిపించలేదు, ఒక్క అక్షరమైనా చదవమని నన్ను అడగలేదు.

బ్రిటన్‌లో కారు నడిపేవారు 20 మీటర్ల దూరం నుంచి నంబరు ప్లేటు చదవగలగడంతో పాటు, అడ్డంగా కనీసం 120 డిగ్రీల మేర చూపు ఉండాలన్న నియమం కూడా ఉంది. మన ఫారంలో నంబరు ప్లేటు ఉంది, ఆ రెండోది లేదు. పక్క సందులోంచి రాంగ్ రూట్‌లో ద్విచక్ర వాహనం దూసుకువచ్చే హైదరాబాద్‌లో పక్కచూపు అవసరం మరింత ఎక్కువ. మన కూడళ్లలో పక్క నుంచి తగిలే ప్రమాదాల్లో చాలా వాటి వెనుక ఈ లోపమే ఉందని నా దృఢమైన నమ్మకం. పక్కచూపును ఎవరూ కొలవనప్పుడు ప్రమాద నివేదికలో అది ఎలా నమోదవుతుంది? తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు అనే కంటి పరీక్షల పథకం ప్రారంభించి, 2023 జనవరిలో రెండో విడత కూడా చేపట్టి, ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లద్దాలు పంచగలిగినప్పుడు, 55 దాటి లైసెన్సు కోసం వచ్చేవారికి ఒక ఫీల్డ్ టెస్టు చేయించడం అసాధ్యం ఎందుకవుతుంది? రంగుల విషయంలో నియమాలు మార్చారు కదా. 2020 జూన్‌లో, స్వల్పంగా, మధ్యస్థంగా వర్ణాంధత్వం ఉన్నవారికి కూడా లైసెన్సు ఇచ్చేలా ఈ ఫారాలనే సవరించారు.

రాత్రి నడపవద్దని డాక్టర్లు ఎందుకు అంటారో ఎదురుగా వచ్చే తెల్లటి ఎల్ఈడీ లైట్ల వల్ల నాకు బాగా తెలిసింది. ఔటర్ రింగు రోడ్డు సర్వీసు దారిలో హైబీమ్ దించేవారు కనిపించడమే లేదు. ఆరోగ్యమైన కన్ను ఆ కాంతి నుంచి త్వరగా తేరుకుంటుంది, నీటికాసులు ఉన్న కన్ను అంత త్వరగా తేరుకోదు. రాత్రి నడపరాదన్న షరతు నా లైసెన్సుపై ఎక్కడా లేదు, అయినా చీకటి పడ్డాక నేను తాళం ముట్టుకోను.

మీ నాన్నగారి దగ్గర కారు తాళాలు దాచేసి, "ఇక మీరు నడపవద్దు నాన్నా" అని మాత్రం అనవద్దు. మెహిదీపట్నం దగ్గరి సరోజినీదేవి కంటి ఆసుపత్రిలోనైనా, బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనైనా, ఆయనకు ఇప్పటికే చూస్తున్న డాక్టరు దగ్గరైనా ఫీల్డ్ టెస్టు చేయించి, రెండు కళ్ల కాగితాలనూ ఆయన ముందే పోల్చి చూపించమని అడగండి. నలుపులు కలిసి ఉంటే ఆయనే స్వయంగా చూస్తారు. కలవకపోతే మీరు ఆయన్ని ఆపడం అన్యాయం.

గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి. 55 దాటినవారికి ఒక్కసారికి 5 ఏళ్లకే ఇస్తారు. ఫీల్డ్ టెస్టును ఉదయం పూట, ఆయన అలసిపోకముందు పెట్టించండి. అలసిన మనిషి మీట ఆలస్యంగా నొక్కితే కాగితంపై లేని నలుపు వస్తుంది. అదే రోజు కంటిపాప విప్పారే చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కనుక, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేటప్పుడు కారు మీరే నడపండి.