ఖాళీ గడులను ముందు చూడు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఒక స్వచ్ఛంద సంస్థలో చేరి డేటా విశ్లేషణ విభాగాన్ని మొదలుపెట్టబోతున్నావనీ, సాయం ఎవరికి ముందు అందాలో తేల్చడానికి కృత్రిమ మేధను వాడదలచావనీ మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు నిలవడం లేదు. జీవితమంతా ఈ రంగంలోనే గడిపినదాన్ని కనుక గర్వంగా ఉంది. దీన్ని దగ్గరగా చూసినదాన్ని కనుకనే భయంగానూ ఉంది.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. ఒకే మనిషి పేరు మూడు రకాలుగా నమోదై ఉంటే ముందు వాటిని సరిచేయి. ఏ ప్రశ్నకు జవాబు కావాలో తేల్చుకోకుండా సాఫ్ట్‌వేర్ కొనవద్దు. వీలైతే దాతల వివరాల విశ్లేషణతో మొదలుపెట్టు. అక్కడ అంచనా తప్పితే నాలుగు విజ్ఞప్తి ఉత్తరాలు వృథా అవుతాయి, సాయం పొందేవారి జాబితాలో తప్పితే ఒక కుటుంబానికి ఆధారం పోతుంది.

ఇక నేను నిజంగా చెప్పదలచిన మాట. నేను పనిచేసిన ఒక సంస్థ చదువు మానేసే ప్రమాదం ఉన్న పిల్లలకు సాయం చేసేది. నిధులు తగ్గినప్పుడు, ఉన్న డబ్బు ఎవరికి ఇస్తే ఎక్కువ ఫలితం వస్తుందో తేల్చడానికి పైఅధికారులు కుటుంబాలకు మార్కులు వేసే పద్ధతి ఒకటి తయారు చేయించారు. సమావేశాలకు వచ్చారా, ఫోను చేస్తే పలికారా, ఫారాలు పూర్తిగా నింపారా అన్న మూడు విషయాలను కలిపి దానికి ఆసక్తి అని పేరు పెట్టారు. మార్కులు తక్కువ వచ్చిన ఇళ్లను జాబితా నుంచి తీసేశారు. కూడికల్లో ఒక్క తప్పు కూడా లేదు. అయితే సమావేశానికి రాని తల్లి ఆ వేళకు కూలిపనిలో ఉంది. ఫోను పలకని ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పని వెతుక్కుంటూ వెళ్లిన తండ్రి వెంట వెళ్లింది. ఫారాన్ని సగంలో వదిలేసిన వాళ్లకు చదవడం రాదు. ఇవన్నీ మా క్షేత్ర కార్యకర్త ఒకరు ఇంటింటికీ తిరిగి తన నోటుపుస్తకంలో రాసుకున్నారు గాని, ఆ మాటలను ఎక్కించడానికి స్ప్రెడ్‌షీట్‌లో గడి లేదు. ఆయన అభ్యంతరం చెబితే, అది మీ అభిప్రాయం, ఇది డేటా అని తోసిపుచ్చారు. మరుసటి విద్యాసంవత్సరంలో బడి మానేసిన పిల్లల్లో ఎక్కువమంది ఆ తీసేసిన ఇళ్లవాళ్లే. వాళ్లలో లెక్కలంటే ప్రాణం పెట్టే ఒక అమ్మాయి ఉండేది. ఆ తరువాత ఆమె మళ్లీ బడిలో చేరలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇది చిన్న సంస్థల అమాయకత్వమని కొట్టిపారేయకు. అమెరికా వైద్య రంగంలో అప్పట్లో విస్తృతంగా వాడిన ఒక అల్గారిథమ్‌ను, అంటే కంప్యూటర్ లెక్కింపు పద్ధతిని, పరీక్షించిన పరిశోధన 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. అదనపు వైద్య సహాయం ఎవరికి అవసరమో చెప్పవలసిన ఆ అల్గారిథమ్ జబ్బు తీవ్రతను కాక, వైద్యానికి కాబోయే ఖర్చును అంచనా వేసేది. నల్లజాతివారికి వైద్యం అందడమే తక్కువ కనుక వారిపై అయిన ఖర్చూ తక్కువగానే నమోదైంది. దానితో తెల్లజాతివారితో సమానంగా జబ్బున్నా వారి స్కోరు తగ్గింది. ఆ పక్షపాతాన్ని తొలగిస్తే సహాయానికి ఎంపికయ్యేవారిలో వారి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. మా సంస్థలో జరిగినదీ ఇదే: అందుబాటులో లేకపోవడాన్ని అవసరం లేకపోవడంగా చదివారు.

అలాగని ఈ పనే వద్దనడం లేదు. కోవిడ్ కాలంలో పశ్చిమ ఆఫ్రికా దేశమైన టోగోలో, పేదలకు నేరుగా నగదు పంపే గివ్‌డైరెక్ట్‌లీ సంస్థ, అక్కడి ప్రభుత్వం, పరిశోధకులు కలిసి ఉపగ్రహ చిత్రాలు, మొబైల్ ఫోను వాడకం ఆధారంగా పేదలను గుర్తించి నేరుగా డబ్బు పంపారు. ప్రభుత్వం ఆలోచించిన ప్రాంతాలవారీ పద్ధతులతో పోలిస్తే అర్హులు తప్పిపోవడం 4 నుంచి 21 శాతం తగ్గిందనీ, ఇంటింటి స్థితిగతులు నమోదైన సమగ్రమైన సామాజిక రిజిస్టరు ఉండి ఉంటే దానికన్నా ఇది 9 నుంచి 35 శాతం ఎక్కువమందిని వదిలేసేదనీ 2022లో నేచర్ పత్రికలో వచ్చిన వారి అధ్యయనం తెలిపింది. గెలుపుతో పాటు వదిలేసినవారి లెక్కను కూడా ప్రకటించిన ఆ నిజాయితీ నీకూ ఉండాలని నా కోరిక.

కనుక మోడల్, అంటే నీ కంప్యూటర్ లెక్క, ఇచ్చిన జాబితాను సంతకానికి పంపే ముందు, అది వదిలేసిన పేర్లలోంచి కొన్నింటిని యాదృచ్ఛికంగా తీసి క్షేత్ర కార్యకర్తల ముందు పెట్టు. ఖాళీ గడులను సగటుతో నింపేసి ముందుకు పోవద్దు. అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో అడుగు. కార్యకర్త చెప్పిన కారణాన్ని రాయడానికి ఒక గడి ఉంచు, జాబితాను మార్చే అధికారం ఒక మనిషికి ఇవ్వు, పేరు పోయిన కుటుంబం వచ్చి అడిగే దారి తెరిచి ఉంచు. నీకు చిన్నప్పటి నుంచీ తొందర ఎక్కువ. ఈ ఒక్క పనిలో ఆ తొందరను నేను క్షమించను నాన్నా.

అవసరం లేని వివరం అడగవద్దు, అడిగినదాన్ని అవసరం తీరాక ఉంచవద్దు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సర్వర్లపై జరిగి 2022 జనవరిలో బయటపడిన సైబర్ దాడిలో 5,15,000 మందికి పైగా వివరాలు బయటి చేతుల్లో పడ్డాయి. వారిలో యుద్ధాల వల్లా విపత్తుల వల్లా కుటుంబాలకు దూరమైనవారు, ఆచూకీ తెలియనివారు, నిర్బంధంలో ఉన్నవారు ఉన్నారు. అంత జాగ్రత్తపరులకే అలా జరిగినప్పుడు, ఎవరి వివరాలైనా బయటి ఏఐ సాధనంలో అతికించే ముందు నీ చేయి ఆగాలి.

నువ్వు ఈ పనికి తగినవాడివి. నీ కన్నా ఓపికగా జనం మాట వినేవాడిని మన ఇంట్లో నేను చూడలేదు. మొదటి జాబితా తయారైనప్పుడు మోడల్ ఎంత కచ్చితంగా పనిచేసిందో రాయనక్కరలేదు. కార్యకర్తలు ఎంతమందిని తిరిగి చేర్చమన్నారో, ఏ కారణాలు చెప్పారో వివరంగా రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ