షాక్ కొనే ముందు టేపు పట్టండి
పాత జీపులు, జిప్సీలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా షాక్ అబ్జార్బర్ల గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి, జవాబు పనికొచ్చేంత వివరంగా ఇస్తున్నాం.

ప్రశ్న: మాది 1998 మోడల్ జిప్సీ కింగ్. తలకోన వైపు రాళ్ల దారిలో వెనక భాగం ఎగిరెగిరి పడుతోంది. నాలుగు షాకులూ పోయాయి, కమాన్ కట్టలు కూడా మార్చాలని మెకానిక్ అంటున్నాడు. నిజంగా ఏది పోయిందో మేమే తెలుసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: తెలుసుకోవచ్చు. బండి బరువు మోసేది కమాన్ కట్ట (ఇనుప పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగు). అది ఊగకుండా ఆపేది షాక్. కాబట్టి బండి కుంగితే కట్టను, ఆగకుండా ఊగితే షాకును అనుమానించాలి.

బంపర్ మీద నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టే పరీక్ష కాయిల్ స్ప్రింగు కార్లకు సరే గాని, జిప్సీకి నమ్మదగింది కాదు. కమాన్ పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుని ఊపును అవే ఆపేస్తాయి. చచ్చిన షాక్ కూడా ఆ పరీక్షలో పాసైపోతుంది. అందుకే షాక్ కింది కొస విప్పి చేత్తో చూడండి. నిలువుగా పట్టుకుని మెల్లగా లాగండి, మెల్లగా నొక్కండి. దారి పొడవునా ఒకే రకం బిగువు తగలాలి, నొక్కేటప్పటి కన్నా లాగేటప్పుడు ఎక్కువ బలం పట్టాలి. దిశ మారేచోట ఒక అంగుళం ఖాళీగా జారిపోతే లోపల నూనె తగ్గిందనో, వాల్వు అరిగిందనో అర్థం. వాషరు పోయిన సైకిల్ పంపులా అడ్డూ అదుపూ లేకుండా ఆడితే ఇక చెప్పేదేం లేదు.

పైభాగాన సన్నగా చెమ్మ, దాని మీద దుమ్ము పొర ఉంటే కంగారు అక్కర్లేదు. నూనె గొట్టం మీదుగా కిందికి కారి మట్టి ముద్ద కట్టి ఉంటే మాత్రం సీలు పోయినట్టే. టైరు మీద అరచేయి తిప్పి చూడండి. అక్కడక్కడ గుంటలు పడినట్టు తగిలితే చక్రం రోడ్డు మీద నిలవకుండా ఎగురుతోందన్న మాట.

కట్ట సంగతికి వస్తే, సమతలం మీద బండి నిలిపి హబ్ మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా కొలవండి. తేడా 15 మి.మీ. దాటితే ఆ వైపు కట్ట విప్పించాల్సిందే. సెంటర్ బోల్టు దగ్గర పట్టీ మీద సన్నటి చీలిక ఉందేమో టార్చి వేసి చూడండి. పట్టీల మధ్య తుప్పు పట్టి బిగుసుకుపోయినా బండి ఎగురుతుంది. అలాంటప్పుడు కట్ట మార్చనక్కర్లేదు, విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగిస్తే చాలు. ఇంకోమాట: ఇద్దరే ఎక్కిన జిప్సీ వెనక భాగం కొత్తలోనూ కొంత ఎగిరేది. టైర్లలో గాలి ఎక్కువుందేమో ముందు అది చూసుకోండి, దానికి పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: ఎంఎం 540 జీపుకు షాకులు కొనాలి. అంగట్లో అడిగితే ‘జీపుకు అన్నీ ఒకటే’ అంటున్నారు. పాత మార్కెట్లో రీకండిషన్‌వి సగం ధరకే ఇస్తామంటున్నారు. ఏం చూసి కొనాలి?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: అన్నీ ఒకటి కావు. పైగా మీ చేతికి వచ్చేసరికి ఆ జీపుకు ఎవరో పట్టీ ఎక్కించి ఉండొచ్చు, షాకిల్ (కట్ట కొసను చాసిస్‌కు కలిపే లింకు) మార్చి ఉండొచ్చు. మోడల్ పేరును నమ్ముకోకుండా మూడు కొలతలు తీయండి.

మొదటిది, మామూలు బరువుతో నేల మీద నిలిచినప్పుడు షాక్ పై కన్ను (బోల్టు పట్టే రింగు) మధ్య నుంచి కింది కన్ను మధ్యకు. రెండోది, బంప్ స్టాపర్ రబ్బరుకు (యాక్సిల్ పైకి లేచి చాసిస్‌ను కొట్టకుండా ఆపేది), యాక్సిల్‌కు మధ్య ఖాళీ. మూడోది, షాక్ విప్పేసి, చాసిస్ కింద స్టాండ్లు పెట్టి యాక్సిల్ వేలాడినప్పుడు అవే రెండు కన్నుల దూరం.

లెక్క కోసం ఒక ఉదాహరణ (ఇది మీ బండి కొలత కాదు). నిలిచినప్పుడు 400, స్టాపర్ ఖాళీ 70, వేలాడినప్పుడు 470 మి.మీ. అనుకుందాం. గతుకు దెబ్బకు యాక్సిల్ పైకి లేచి స్టాపర్‌కు తగిలితే 400 కాస్తా 330 అవుతుంది. రబ్బరు నలిగితే ఇంకో 20 పోయి 310కి దిగుతుంది. కాబట్టి కొత్త షాక్ పూర్తిగా ముడుచుకుంటే 300కు మించకూడదు. మించితే దెబ్బ స్టాపర్ మీద పడాల్సింది పోయి షాక్ లోపలి వాల్వు మీద పడుతుంది, లేదా బ్రాకెట్ వెల్డింగు ఊడుతుంది. పూర్తిగా సాగితే 480కి తగ్గకూడదు. తగ్గితే చక్రం గుంతలోకి జారిన ప్రతిసారీ యాక్సిల్ బరువంతా పిస్టన్ రాడ్డుకు వేలాడుతుంది. ‘పొడవుంటే మంచిదే కదా’ అని మరీ పొడుగువి వేస్తే ముడుచుకునేచోట ఇరుక్కుంటారు.

కన్ను లోపలి వ్యాసం, బుష్ వెడల్పు, పైన ఉన్నది కన్నో, పిన్నో కూడా రాసుకెళ్లండి. వీలైతే పాత షాకునే చేతిలో పట్టుకెళ్లండి.

రీకండిషన్‌వి వద్దు. గొట్టానికి రంధ్రం చేసి, ఏదో ఒక నూనె పోసి, వెల్డింగు పెట్టి రంగు వేస్తారు. వెల్డు మచ్చ మీద కొత్త రంగు, రాడ్డు క్రోమియం మీద సూదిమొన అంత గుంతలు కనిపిస్తే వదిలేయండి. ఆ గుంతలే కొత్త సీలును కోసేస్తాయి. కొనేటప్పుడు యాక్సిల్‌కు జతగా, ఒకే కంపెనీవి, ఒకే పార్టు నంబరువి తీసుకోండి.

ప్రశ్న: షాకులు మేమే ఇంటి దగ్గర బిగించుకుందామనుకుంటున్నాం. క్రమం చెప్పండి.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కన్ను రకం షాకులు, విడిగా కమాన్ కట్టలు ఉన్న బండికైతే ఇంట్లో చేసుకోదగ్గ పనే. కాయిల్ స్ప్రింగు షాక్ మీదే కూర్చున్న బండికి మాత్రం పై నట్టు జోలికి పోకండి. స్ప్రింగు ఎగిరి మనిషిని కొడుతుంది.

ముందు రోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. గట్టి నేల మీద బండి పెట్టి, ఎత్తని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. జాకీతో లేపి చాసిస్ కింద స్టాండ్లు పెట్టాక, జాకీని యాక్సిల్ కిందికి మార్చి దాని బరువు ఆనించండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరడం ప్రాణాంతకం. ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు ముట్టుకోండి. అటుదే నమూనాగా ఉంటుంది. వాషర్లు ఏ ముఖం ఎటు ఉన్నాయో విప్పక ముందే ఫోనులో ఫొటో తీయండి.

నట్టు కదలకపోతే గ్యాస్ మంట పెట్టించకండి. మూసి ఉన్న గొట్టంలో నూనె వేడెక్కితే పేలుతుంది. నట్టును గ్రైండరుతో కోసేయడం మేలు. విప్పాక చాసిస్ పిన్ను మీద గోరు గీయండి. గోరు తట్టుకునేంత గాడి ఉంటే కొత్త బుష్ వేసినా కొట్టుకుంటుంది, పిన్ను బాగు చేయించాల్సిందే. ఈ ఒక్క పని వదిలేసి ‘కొత్త షాకుల్లో కూడా టకటక పోలేదు’ అనేవాళ్లే ఎక్కువ.

కొత్త షాక్ డబ్బాలో పడుకుని ఉంటుంది కాబట్టి లోపల గాలి తప్పుదారి పట్టి ఉంటుంది. బండి మీద నిలిచే తీరులోనే నిలువుగా పట్టి, చివరిదాకా లాగి చివరిదాకా నొక్కుతూ నాలుగైదు సార్లు ఆడించండి. మధ్యలో ఖాళీ జారుడు పోయేదాకా ఆపొద్దు, తర్వాత మళ్లీ పడుకోబెట్టొద్దు. మామూలు రెండు గొట్టాల షాకును తలకిందులుగా బిగించకూడదు. బుష్ ఎక్కకపోతే సబ్బు నీళ్లు రాయండి. గ్రీజు, డీజిల్ రాస్తే రబ్బరు ఉబ్బి చెడుతుంది. రాడ్డు తిరుగుతోందని కటింగ్ ప్లేయరుతో మాత్రం పట్టకండి. క్రోమియం మీద పడిన ఒక్క గీత చాలు, రెండు నెలల్లో కారడానికి.

అన్నిటికన్నా ముఖ్యమైనది: గాల్లో ఉండగా నట్లు చేతి బిగువు వరకే. చక్రాలు నేల మీదికి దించి, బండిని రెండుసార్లు ఊపి, అప్పుడు పూర్తిగా బిగించండి. వేలాడుతుండగా బిగిస్తే బుష్ ఆ స్థితిలోనే పట్టుకుని, దింపగానే మెలితిరిగి, కొద్ది నెలల్లో చిరుగుతుంది. బిగువు ఎంతో మాన్యువల్‌లో ఉంటే అదే ఖాయం. లేకపోతే 8.8 గ్రేడు బోల్టు 10 మి.మీ.ది అయితే 45–50 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ.ది అయితే 80 దాకా. విడి రబ్బరు బుష్‌లు, స్ప్లిట్ పిన్ను ఉన్న రకానికి బిగువు కొలిచే టార్క్ రెంచ్ అక్కర్లేదు. రబ్బరు వాషరు అంచు దాకా కొద్దిగా ఉబ్బితే చాలు. స్టీరింగు రెండు వైపులా చివరికంటా తిప్పి, షాక్ టైరుకు గాని బ్రేకు హోసుకు గాని తగలడం లేదని చూసుకోండి. 100 కి.మీ. తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి.

ప్రశ్న: కమాండర్ జీపులో మామిడి క్రేట్లు వేస్తాం. వెనక కుంగిపోతోంది. గట్టి షాకులు వేస్తే లేస్తుందా?
– ఒక రైతు, బంగారుపాళ్యం

జవాబు: లేవదు. ఆయిల్ షాక్ బరువు మోయదు. గ్యాస్‌ది (నూనెతో పాటు ఒత్తిడితో గ్యాస్ నింపినది) కొద్దిగా తోస్తుంది గాని, క్రేట్ల బరువుకు అది ఏ మూలకూ చాలదు. కట్టను విప్పించి పట్టీలకు మళ్లీ వంపు పెట్టించండి, లేదా ఒక పట్టీ కలపండి. పట్టీ కలిపాక కట్టను యాక్సిల్‌కు బిగించే యు బోల్టులు కొత్తవే వేయించండి, పాతవి ఒకసారి సాగి ఉంటాయి. కట్ట గట్టిపడితే పైకి తన్నే బలం పెరుగుతుంది కాబట్టి అప్పుడు షాక్ కూడా ఒక మెట్టు గట్టిది కావాలి. ముందు కట్ట, తర్వాత షాక్. క్రేట్లు లేని రోజు మాత్రం బండి దడదడలాడుతుంది, అది తప్పదు.

ప్రశ్న: గ్యాస్‌దా, ఆయిల్‌దా? ధరలో చాలా తేడా ఉంది. రెండంగుళాలు ఎత్తు కూడా పెంచాలనుంది.
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: గతుకుల దారిలో ఆగకుండా ఆడితే నూనె వేడెక్కి, గాలి కలిసి నురగ కడుతుంది. నురగకు బిగువుండదు. గతుకుల దారిలోకి దిగేటప్పుడు బాగున్న బండి అరగంట తర్వాత తేలిపోతున్నట్టు అనిపించేది అందుకే. గ్యాస్ ఒత్తిడి ఆ నురగను ఆపుతుంది. వారానికోసారి అడవి దారి పట్టేవారికి గ్యాస్ దండగ కాదు. ఊళ్లోనే తిరుగుతూ ఎప్పుడో ఒకసారి భాకరాపేట ఘాటు దిగేవారికి మంచి ఆయిల్ షాక్ చాలు.

ఎత్తు పెంచడం మా సలహా కాదు. షాకులు, బ్రేకు హోసులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం అన్నీ చూసుకోవాలి. పైగా కంపెనీ ఇచ్చిన రూపం మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 15 ఏళ్లు దాటిన బండిని రిజిస్ట్రేషన్ పొడిగింపుకు తీసుకెళ్లినప్పుడు అక్కడే చిక్కు వస్తుంది.

ప్రశ్న: నాలుగు షాకులూ కొత్తవే. అయినా 60 వేగంలో ముందు చక్రాలు, స్టీరింగు గజగజ వణుకుతున్నాయి. షాకులు నాసిరకమా?
– ఒక జిప్సీ యజమాని, శ్రీకాళహస్తి

జవాబు: కాకపోవచ్చు. చక్రాల బ్యాలెన్సింగు మొదట చేయించండి. తర్వాత ముందు చక్రం లేపి, పైనా కిందా పట్టి ఊపండి. ఆట ఉంటే ఒకరిని బ్రేకు నొక్కమనండి. నొక్కినా ఆట అలాగే ఉంటే లోపం కింగ్ పిన్ (స్టీరింగు తిప్పితే చక్రం తిరిగే ఇరుసు) బేరింగుల్లో, నొక్కగానే ఆట ఆగిపోతే హబ్ బేరింగుల్లో. పక్కల పట్టి ఊపితే టై రాడ్ ఎండ్ల (స్టీరింగు కడ్డీ కొసల) ఆట తెలుస్తుంది. పాత షాకులు ఆ వణుకును కొన్నాళ్లు అణిచిపెట్టి ఉండొచ్చు గాని, దాని మూలం షాకులో లేదు. వాటిని అంగడికి వాపసు తీసుకెళ్లి గొడవ పడకండి.